పేగు పూత, పథ్యం: తరచుగా నన్నడిగే ప్రశ్నలు

నాకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగులో పూత, అని తేలి పదకొండేళ్లయింది. పుట్టిల్లు చిత్తూరు దగ్గర, మెట్టినిల్లు తిరుపతి. మా పిన్ని కొడుక్కి క్రోన్స్ అనే ఇంకో రకం పేగు పూత ఉంది, కాబట్టి ఈ జబ్బులో రెండు రకాలూ మా ఇంట్లో వాళ్లకు బాగానే తెలుసు. నేను డాక్టర్ని కాను, డైటీషియన్నీ కాను. అయినా చుట్టాల్లో ఎవరికి ఈ జబ్బు బయటపడినా ఎవరో ఒకరు నా నంబరు ఇచ్చేస్తారు, వాళ్లు అడిగేదీ దాదాపు ఒకటే: "ఏం తినాలక్కా, ఏం తినకూడదు?" చెప్పిందే చెప్పి గొంతు పోతోంది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

అసలు ఇదేం జబ్బు? గ్యాస్ ట్రబుల్ లాంటిదేనా?

కాదు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పేగు గోడ మీద పడి దాన్ని వాచేలా, పుండయ్యేలా చేస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగులో మాత్రమే ఉంటుంది, మామూలుగా మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, పేగు లోపలి పొరకే పరిమితం. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, ఎక్కువగా చిన్నపేగు చివరి భాగాన్ని పట్టుకుంటుంది, గోడ మందమంతా పాకుతుంది. ఈ రెండింటినీ కలిపి ఐబీడీ అంటారు. ఐబీఎస్ అనేది వేరే. దాంట్లో కడుపునొప్పి, గ్యాస్, మోషన్స్ అన్నీ ఉంటాయి కానీ పేగులో పుండు ఉండదు, రక్తం పడదు.

నాకైతే మొదటి ఏడాదంతా మొలలని చెప్పి పూతమందు రాసిచ్చారు. రక్తంతో పాటు జిగట కూడా పడుతోందని చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి కొలొనోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షకు పంపితే తేలింది. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, పేగు క్షయ అచ్చం క్రోన్స్ లాగే కనిపిస్తుంది, అమీబా విరేచనాలు కొలైటిస్ లాగా కనిపిస్తాయి. అందుకే ఏ జబ్బో తేలకుండా పథ్యం గురించి నన్ను అడగొద్దు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికి పోతారో, వేలూరు సీఎంసీకి పోతారో మీ ఇష్టం, గ్యాస్ట్రో డాక్టరుకే చూపించుకోండి.

మా అత్త "చిన్నప్పటి నుంచి కారం మెక్కావు, అందుకే వచ్చింది" అంటోంది. నిజమా?

కారం తింటే ఈ జబ్బు వచ్చేటట్లుంటే రాయలసీమలో ఇంటికొకరికి ఉండాల. జన్యువులు, పేగులో ఉండే సూక్ష్మజీవులు, మనం బతికే తీరు, ఇవన్నీ కలిసి వస్తుంది, ఫలానా వంటకం వల్ల వచ్చిందని ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. మీ అత్తకు ఈ పేజీ చూపించండి, వింటుందని మాత్రం నేను హామీ ఇవ్వను.

తిండి మార్చుకుని మాత్రలు మానేయొచ్చా?

ఇదొక్కటి మాత్రం గట్టిగా చెప్తా, వద్దు. నేను చేసి చూశాను. మూడో ఏట ఎవరో పెద్దాయన మండలం రోజులు మజ్జిగన్నం, మారేడు గుజ్జు తప్ప ఏమీ ముట్టకు, ఇంగ్లీషు మందు ఆపెయ్ అన్నాడు. ఆపేశా. మొదటి ఇరవై రోజులు బ్రహ్మాండంగా ఉంది, ఊరంతా చెప్పుకున్నా కూడా. ఇరవై ఐదో రోజు నుంచి రక్తం మొదలైంది, అయినా మొండికేసి మండలం పూర్తి చేద్దామని కూర్చున్నా. హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయి, రెండు సీసాల రక్తం ఎక్కించి, స్టెరాయిడ్ మీద నన్ను లేపారు. తర్వాత తెలిసిందేమంటే మాత్ర ఆపగానే జబ్బు లేవదు, మెల్లగా లేస్తుంది, ఆ మధ్యలో బాగున్న రోజుల ఖ్యాతి అంతా పథ్యానికి పోతుంది.

ఒక్క మినహాయింపు ఉంది. క్రోన్స్ ఉన్న పిల్లలకు 6 నుంచి 8 వారాలు మామూలు తిండి పూర్తిగా ఆపి, డాక్టరు రాసిచ్చిన పోషక ద్రవం మాత్రమే తాగించే పద్ధతి ఉంది. దాన్ని స్టెరాయిడ్‌కు బదులుగా వాడతారు, బాగా పనిచేస్తుంది. అది ఆసుపత్రి వాళ్లు బరువు చూసి లెక్క కట్టి చేసే వైద్యం. అంగట్లో డబ్బా కొనుక్కొచ్చి ఇంట్లో చేసేది కాదు.

జబ్బు తిరగబెట్టినప్పుడు ఏం తినాలి?

రోజుకు ఐదారు సార్లు పరిగెత్తేటప్పుడు పేగుకు పని తగ్గించాలి, ఒంటికి మాత్రం తిండి తగ్గించకూడదు. ఈ రెండూ కలపడంలోనే అందరం తప్పు చేస్తాం. మోషన్స్ భయంతో రసం అన్నం, బ్రెడ్డు మీదే నెలలు గడిపేసి పది కిలోలు తగ్గిపోయినవాళ్లు నాకు తెలుసు. పేగు మండేటప్పుడు ఒంటికి మాంసకృత్తులు ఎక్కువ కావాలి. మామూలుగా కిలో బరువుకు 1 గ్రాము అనుకుంటే అప్పుడు 1.2 నుంచి 1.5 గ్రాములు. యాభై కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే, కాబట్టి లెక్క మీరే వేసుకోండి.

నేను చేసేది ఇది. బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించి నెయ్యి తక్కువ వేసి పొంగలి, మిరియాలు పగలగొట్టకుండా నామమాత్రంగా వేసి తినేటప్పుడు ఏరేస్తా. ఇడ్లీ. సొరకాయ, బీరకాయ, గుమ్మడికాయ చెక్కు తీసి, గింజ తీసి, చేత్తో నలిపితే నలిగేలా ఉడికించినవి. ఉడికించిన గుడ్లు రెండు. తినేవాళ్లయితే చేప పులుసులో కారం తగ్గించి, లేదా కోడిమాంసం మెత్తగా ఉడికించి. అరటిపండు. రాగి జావ అయితే చంటిబిడ్డకు చేసినట్టు రాగులు నానబెట్టి, రుబ్బి, పలచటి గుడ్డలో పాలు పిండి ఆ పాలతో కాచిన జావ, పొట్టంతా గుడ్డలోనే ఉండిపోతుంది. కొంచెం కొంచెం ఆరుసార్లు తినడం, మూడుసార్లు కడుపు నిండా తినడం కన్నా నాకు తేలిక. నీళ్లతో పాటు ఓఆర్ఎస్ పొట్లం, దాని మీద ఎంత నీళ్లని రాసుంటే అంతే, చిక్కగా కలిపితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి.

ఈ పథ్యం రోజులకు, మహా అయితే కొన్ని వారాలకు. జీవితాంతానికి కాదు.

నెమ్మదించాక ఎప్పుడు మామూలు తిండికి రావచ్చు? నాకు భయంగా ఉంది.

ఆ భయం నాకు తెలుసు. ఒకసారి ఆసుపత్రి చూసొచ్చాక ప్రతి ముద్దా అనుమానంగానే కనిపిస్తుంది. నేను రెండేళ్లు ఆకుకూర ముట్టలేదు, ఎవరూ వద్దనలేదు, నేనే మానేశా. కానీ జబ్బు నెమ్మదించిన పేగుకు పీచు కావాలి, అందులో ఉండే మంచి సూక్ష్మజీవులకు అదే తిండి. పేగు ఎక్కడా ఇరుకై లేదని డాక్టరు చెప్తే పీచు మానేయాల్సిన పని లేదు.

నా పద్ధతి: పది రూపాయల నోటుపుస్తకం. ఒక్కో కొత్త పదార్థాన్ని మూడు రోజులు, చిన్న మోతాదులో. ఎడమవైపు తిన్నది, కుడివైపు ఎన్నిసార్లు వెళ్లాను, రక్తం ఉందా, నొప్పి ఉందా, రాత్రి నిద్ర లేచానా. ఒక పేజీలో "తోటకూర పప్పు, గరిటెడు. 2 సార్లు. ఏమీ లేదు" అని మూడు రోజులు వరసగా రాసి ఉంది, ఆ మూడో రోజు పక్కన నేనే గీసుకున్న టిక్కు చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, పదో తరగతి పాసయినంత పెద్దగా గీశాను. ఒకరోజు తిని ఒకరోజు బాగాలేదని పదార్థాన్ని జైల్లో పెట్టేయకండి. ఆ రోజు టెన్షన్ కావచ్చు, నెలసరి కావచ్చు, పెళ్లిలో తాగిన నీళ్లు కావచ్చు. రెండు మూడుసార్లు అదే జరిగితే అప్పుడు నమ్మండి.

అన్నట్టు, కడుపులో గడబిడ ఉందంటే పేగులో పుండు ఉన్నట్టే అనుకోవద్దు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉంటుంది, 50 లోపు వస్తే మామూలే, 250 దాటితే లోపల మంట ఉందని అనుమానించాల. అది బాగుండి కూడా పొట్ట ఉబ్బుతుంటే ఎర్రగడ్డలు (ఉల్లి), తెల్లగడ్డలు (వెల్లుల్లి), గోధుమలు, శనగల్లాంటివి కొన్నాళ్లు తగ్గించి మళ్లీ ఒక్కోటి చేర్చే పద్ధతి ఉంది. దాంతో ఉబ్బరం తగ్గుతుంది కానీ పుండు మానదు, దాన్ని జబ్బుకు మందు అనుకోకూడదు. అది డైటీషియన్ దగ్గరుండి చేయిస్తేనే మంచిది, లేకపోతే తగ్గించినవి మళ్లీ చేర్చడం మర్చిపోతాం.

రాగి సంగటి తినొచ్చా?

బాగున్నప్పుడు హాయిగా. స్టెరాయిడ్లు వాడిన మన ఎముకలకు కాల్షియం కావాలి, వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. తిరగబెట్టినప్పుడు మాత్రం సంగటి పక్కనపెట్టి, పైన చెప్పిన వడగట్టిన జావ. మే నెలలో గంగజాతరకు వీధి వీధినా అంబలి పోస్తారు కదా, అది తాగొచ్చా అని కూడా అడుగుతారు. పచ్చి ఎర్రగడ్డ ముక్కలు వేయకుండా, మన ఇంట్లో కాచింది అయితే నేను తాగుతా. అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటివి వాడేవాళ్లు ఏ నీళ్లు కలిపారో తెలియనిది తాగకపోవడం మంచిది, ఆ మందులు రోగనిరోధక శక్తిని అణుస్తాయి.

ఊరిమిండి, ఎర్రకారం, ఆవకాయ?

మిరపకాయ పుండు పుట్టించదు, కానీ ఉన్న పుండు మీద కారం పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బాగున్నప్పుడు నేను చెనిక్కాయల ఊరిమిండి, అంటే వేరుశనగ పచ్చడి, తింటా, ఎండుమిర్చి సగానికి తగ్గించి. దోశ మీద ఎర్రకారం మాత్రం వదిలేశాను, బాధగానే వదిలేశాను. ఊరగాయలో కారం కన్నా ఉప్పు చూడండి, స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు ఆ ఉప్పుతో మొహం, కాళ్లు ఉబ్బుతాయి.

పాలు మానేయాలా? కాఫీ?

ఐబీడీ ఉందని పాలు మానాల్సిన రూలు లేదు. కొందరికి పాలలో చక్కెర అరగదు, తిరగబెట్టినప్పుడు అది ఇంకా ఎక్కువవుతుంది. రెండు వారాలు ఆపి చూడండి, తేడా లేకపోతే మళ్లీ తాగండి. పెరుగులో ఆ చక్కెర కొంత తక్కువ, చాలామందికి పడుతుంది. కాఫీ పేగును కదిలిస్తుంది, పొద్దున కాఫీ తాగగానే బాత్రూముకు పరిగెత్తేది జబ్బు లేనివాళ్లు కూడా. ఐరన్ మాత్రతో పాటు మాత్రం కాఫీ, టీ తాగకండి, ఐరన్ ఒంటికి పట్టదు.

క్రోన్స్‌లో పేగు ఇరుకైంది అన్నారు. ఏం మానాలి?

ఇక్కడ మాత్రం జాగ్రత్త. మా తమ్ముడికి, అదే పిన్ని కొడుక్కి, చిన్నపేగు చివర ఇరుకు ఉంది. ఒక పెళ్లిలో సాంబారులో మునక్కాయలు నమిలి పిప్పి కూడా మింగేశాడు, పైన నాలుగు పనసతొనలు. రాత్రి పదకొండుకు పొట్ట బానలా అయింది, వాంతులు, గాలి కూడా పోలేదు. ముక్కులో గొట్టం వేసి మూడు రోజులు పడుకోబెట్టారు. కోత లేకుండా బయటపడ్డాడు, అదృష్టం.

కాబట్టి ఇరుకు ఉన్నవాళ్లు మునక్కాయ పిప్పి, పనస, మొక్కజొన్న, కమలాపండు తొన పైన తెల్లటి పొర, కొబ్బరి కోరు, గట్టి చెనిక్కాయలు, కాండంతో ఉన్న ఆకుకూర, ఇలాంటి నలగనివి మానండి. చెనిక్కాయలు మెత్తగా రుబ్బిన ఊరిమిండిగా ఓకే, గింజగా వద్దు. మామిడిపండు? చిత్తూరు జిల్లాలో ఉంటూ మామిడి మానమంటే తిడతారు. పీచు లేని రకం, తోలు తీసి, గుజ్జు చేసి, అర పండు. తోతాపురి పుల్లకాయ ఉప్పుకారం అద్దుకుని కొరకడం మాత్రం తమ్ముడు మానేశాడు.

మాంసం?

కోడి, చేప, గుడ్డు పర్వాలేదు. మేకమాంసం, పోతుమాంసం లాంటి ఎర్రమాంసం కొలైటిస్ వాళ్లు తగ్గించుకోమంటారు. పండగకు తింటే కొంపేం మునగదు, ప్రతి ఆదివారం కిలో అంటే ఆలోచించండి.

పసుపు తింటే తగ్గుతుందట కదా? ప్రోబయోటిక్?

పసుపులోని కర్క్యుమిన్ మీద ప్రయోగాలు జరిగాయి, తీవ్రత తక్కువగా ఉన్న కొలైటిస్‌లో మామూలుగా ఇచ్చే మెసలమైన్ మాత్రకు తోడుగా రోజుకు 2, 3 గ్రాములు ఇస్తే కొందరికి మేలు కనిపించింది. "తోడుగా" అనే మాట అండర్‌లైన్ చేసుకోండి. పసుపులో కర్క్యుమిన్ మూడు శాతం చిల్లర, అంటే 3 గ్రాములు కావాలంటే రోజుకు వంద గ్రాముల పసుపు తినాల. కూరలో చిటికెడు వేసుకుని వైద్యం అయిపోయిందనుకోకండి. ప్రోబయోటిక్ పొట్లాలు కొలైటిస్‌లో ఒకటి రెండు రకాలకు కొంత ఆధారం ఉంది, క్రోన్స్‌లో దాదాపు లేదు. ఇక పేరు తెలియని నాటుమందు పొడుల జోలికి వెళ్లొద్దు, కాలేయం దెబ్బతింటే ఏ మందు వల్లో తేల్చలేక డాక్టర్లు తల పట్టుకుంటారు.

ప్యాకెట్ తిండి గురించి ఏమంటారు?

వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. 466, 433, 407 అనే నంబర్లు కనిపిస్తే అవి చిక్కదనం కోసం, నూనె నీళ్లు విడిపోకుండా కలిపే పదార్థాలు. పేగు పైన ఉండే జిగురు పొరను ఇవి పాడు చేస్తాయని ఎలుకల మీద ప్రయోగాల్లో చూశారు, అందుకే తగ్గించమంటున్నారు. ఐస్‌క్రీముల్లో, సాస్‌లలో ఎక్కువ. బొరుగులు, వేయించిన పుట్నాలు ఉండగా వాటితో పనేముంది అంటాడు మా నాన్న, ఆయన మాట ఈ ఒక్క విషయంలో కరెక్టు.

రక్తం తక్కువైంది, తలతిరుగుడు. బీట్‌రూట్ తాగితే చాలా?

చాలదు. రక్తం పోతున్నంతకాలం దానిమ్మ, బీట్‌రూట్ దాన్ని పూడ్చలేవు. ఐరన్ మాత్ర కడుపులో పడకపోతే నరంలోకి ఎక్కించే ఐరన్ ఉంది, అడగండి. చిన్నపేగు చివర జబ్బు ఉన్నా, ఆ భాగం కోసి తీసేసినా బి12 ఒంటికి పట్టదు, ఇంజక్షన్ కావాల్సి రావచ్చు. విటమిన్ డి కూడా పరీక్ష చేయించండి. ఈ జబ్బుకు సల్ఫాసలజీన్ మాత్ర వాడేవాళ్లు ఫోలిక్ యాసిడ్ గురించి డాక్టర్ని అడగాల. ఇంకోటి, నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మీ అంతట మీరు వేసుకోకండి, జబ్బును లేపగలవు. జ్వరానికి, తలనొప్పికి పారాసిటమాల్ మేలు.

శనివారం ఒక్కపొద్దు ఉండొచ్చా?

బాగున్నప్పుడు, బరువు సరిగ్గా ఉన్నప్పుడు, మాత్ర టైముకు వేసుకుంటూ ఉంటే ఉండొచ్చు, నేను పెరటాసి (తమిళ నెల) నాలుగు శనివారాలూ ఉంటా. కానీ సాయంత్రం ఒక్కసారే గుండెల దాకా తినకండి, అదే అసలు దెబ్బ. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లు, తిరగబెట్టినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఆ ఏడు వదిలేయండి. వెంకన్న మనసు అంత చిన్నదనుకోను.

కొండకు నడిచి వెళ్లొచ్చా? క్యూలో బాత్రూము వస్తే?

అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2388. తిరగబెట్టి ఉంటే బస్సెక్కండి. బాగుంటే తెల్లవారుజామున, పొద్దున ఒకసారి కడుపు ఖాళీ అయ్యాక. కంపార్టుమెంట్లలో మరుగుదొడ్లు ఉంటాయి, గేటు తీసి లైను కదిలాక మాత్రం కష్టం, కాబట్టి పిలుపు వచ్చేలోపు ఓసారి వెళ్లి రండి. నా సంచిలో ఎప్పుడూ ఓఆర్ఎస్, అరటిపండ్లు రెండు, ఒక జత బట్టలు, తడి టిష్యూలు. లడ్డు మొత్తం ఒకేసారి తినకండి, నెయ్యి, చక్కెర రెండూ ఒకేసారి పేగును పరిగెత్తిస్తాయి, గోళీకాయంత చాలు. ప్రసాదం కాబట్టి మిగిలింది పంచిపెట్టడానికి మనుషులకేం కరువు.

ఎప్పుడు పథ్యం పక్కనపెట్టి ఆసుపత్రికి పరిగెత్తాలి?

రోజుకు ఆరు లేదా అంతకన్నా ఎక్కువసార్లు రక్తంతో వెళ్తూ, దాంతో పాటు జ్వరం గానీ, కూర్చున్నచోటే నాడి 90 దాటడం గానీ ఉంటే అదే రోజు. పొట్ట ఉబ్బి గట్టిపడి, వాంతులై, గాలి కూడా పోకపోతే అదే గంటలో. రేపు చూద్దాం అనొద్దు.

పితికిపప్పు తినొచ్చా?

జనవరిలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అది చిత్తూరు వాళ్లే అడుగుతారు. (కోస్తావాళ్లకు ఆనపకాయంటే సొరకాయ, మాకు అనపకాయంటే పితికిపప్పు చేసే ఈ చిక్కుడు జాతి గింజ. ఒకసారి గుంటూరు ఆవిడకు ఫోన్లో అరగంట వివరించా.) గింజకు పొట్టు తీసేస్తాం కాబట్టి పీచు చాలావరకు పోతుంది, కానీ గ్యాస్ పోదు. తిరగబెట్టినప్పుడు వద్దు, బాగున్నప్పుడు గరిటెడుతో మొదలుపెట్టండి.

మా అమ్మ గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున గడపలో కూర్చుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కోటి పితుకుతుంది. పచ్చటి పప్పు టప్పున గిన్నెలో పడుతుంది, తోలు వేలికి అంటుకుని ఉంటుంది. రెండు శేర్ల గింజలకు నాలుగు చేతులు రెండు గంటలు పని చేయాల. మొన్న సంక్రాంతికి నేను, తమ్ముడు చెరో పక్క కూర్చుని పితికాం. అమ్మ మా ఇద్దరికీ వేరే సట్టిలో, కారం తగ్గించి, పప్పు నలిగేదాకా ఉడికించి పెట్టింది. నాకు గరిటెడు, వాడికి అర గరిటె, వాడు నా గిన్నె వైపు చూస్తూనే తిన్నాడు.